లాండ్రీ మేడమ్ పొగడ్తల పుస్తకం

మైకు పట్టుకుందంటే ఆవిడ గొంతుకి మూడు వీధుల అవతల నిద్రపోయే కుక్క కూడా లేచి బుద్ధిగా కూర్చుంటుంది. అందరూ లాండ్రీ మేడమ్ అంటారు. ఇప్పుడు కార్లో తిరుగుతోంది, పెద్ద పెద్ద హాళ్లలో నిలబడి మంచి మాటతో మనుషుల్ని ఎలా నడిపించాలో ఆఫీసర్లకి పాఠాలు చెప్తోంది. అయినా ఆ పేరు వదల్లేదు, వదిలించుకోవాలని ఆవిడా అనుకోలేదు. ఇరవై రెండేళ్లు పెద్దాసుపత్రి లాండ్రీలో చేసింది మరి, అందులో పదేళ్లు ఇన్‌ఛార్జిగా.

ఆ లాండ్రీ ఆసుపత్రి వెనకాల, మెట్లు దిగితే వస్తుంది. లోపల అడుగు పెడితే కళ్లజోడంతా ఆవిరి పట్టేసి, పక్కనున్న మొగుడు కూడా కనపడడు. ఆవిడకి ముందు అక్కడ చేసిన ఇన్‌ఛార్జిలందరూ అరిచి పని చేయించినవాళ్లే. ఈవిడ అరవలేదు. పొద్దున్నే మిషన్లు వేసే ముందు అందర్నీ నిలబెట్టి, నిన్న ఎవరో ఒకరు చేసిన మంచి పని ఒక్కటి చెప్పేది. ఊరికే "బాగా చేశావు" అని వదిలేసే రకం కాదు. "నిన్న టీ టైముకి మూడో మిషను తలుపు కారుతుంటే నువ్వు గబుక్కున గుడ్డ కుక్కావు, లేకపోతే ఇక్కడ పడవలు తిరిగేవి" అనేది. అంతే. ఆ మాట విన్నవాడు ఆ రోజంతా జానెడు పొడుగెక్కి తిరిగేవాడు. ఒకాయనైతే ఇంటికెళ్లి పెళ్లానికి, అత్తగారికి, పై వాటా వాళ్లకి, ఆఖరికి గ్యాస్ బండ తెచ్చినాయనకి కూడా చెప్పుకున్నాడట.

ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పాకి, ఒక మిల్లు మేనేజరు వచ్చి మా వాళ్లకి కూడా చెప్పమన్నాడు. ఆ తర్వాత ఒక బ్యాంకు పిలిచింది, ఆ తర్వాత ఎవరు పిలవలేదో అడగాలి. ఉద్యోగం మానేస్తానంటే వాళ్లాయన, కుట్టుమిషను మీంచి తలెత్తకుండా, "నేనంటే ఇంట్లో ఉన్నాను కాబట్టి వింటున్నాను, వాళ్లకేం ఖర్మ" అన్నాడు. అన్నాడే గానీ స్టేజీ మీదకి వేసుకోవడానికి కోటు మాత్రం తనే కుట్టిచ్చాడు.

తర్వాత పుస్తకం రాసింది. అచ్చువేసే ఆయన గట్టివాడు. జనానికి రెడీమేడ్ సరుకు కావాలి మేడమ్, వెనకాల పొగడ్తలు కూడా ఇచ్చేయండి, రోజుకొకటి చొప్పున ఏడాదికి సరిపోవాలి అన్నాడు. ఆవిడ కాసేపు ఇటూ అటూ ఊగి, పాత డైరీలు తీసి లాండ్రీలో తను అన్న మాటలన్నీ వరసగా ఎక్కించేసింది. పుస్తకం అమ్ముడుపోయింది చూడండి, చదవడం రానివాళ్లు కూడా కొని అల్మరాలో పెట్టుకున్నారట.

అట్లా ఉద్యోగం మానేసి ఏడేళ్లు గడిచాయి. ఒకరోజు ఆసుపత్రి సూపరింటెండెంటు, ఆవిడో డాక్టరమ్మ, ఫోన్ చేసి నీ పుస్తకం నా కొంప ముంచిందంది.

జరిగింది ఇదీ. లాండ్రీకి కొత్తగా వచ్చిన ఇన్‌ఛార్జి రికార్డుల గదిలో పాతికేళ్లు కాయితాల మధ్య పెరిగిన మనిషి. మంచివాడే, కానీ నలుగురి ముందు నిలబడి నాలుగు మాటలు చెప్పడం రాదు. మేడమ్ పుస్తకం దొరికేసరికి ప్రాణం లేచొచ్చింది. రోజూ పొద్దున్నే తేదీ చూసి ఆ రోజు పొగడ్త తీసి, వరసలో ఎవరి వంతొస్తే వాళ్లకి చదివేస్తున్నాడు. సోమవారం ఇస్త్రీ చేసే ఆవిడ వంతొచ్చింది. కారుతున్న మిషను తలుపులో గుడ్డ కుక్కావని మెచ్చుకున్నాడు. ఆవిడ ఇస్త్రీ బల్ల వదిలి మిషన్ల వైపు వెళ్లిన పాపాన పోలేదు. మంగళవారం ట్రాలీలు తోసే ఆయన్ని, ఇంట్లో చంటిబిడ్డకి జ్వరమొచ్చినా డ్యూటీకి వచ్చావని పొగిడాడు. ఆయనకి పెళ్లే కాలేదు. సంబంధాలు కుదరక అసలే కుమిలిపోతున్నాడు. లాండ్రీ అంతా పగలబడి నవ్వింది, ఆయన మాత్రం ట్రాలీ అక్కడే వదిలేసి మెట్లెక్కి వెళ్లిపోయాడు.

మమ్మల్ని వెక్కిరిస్తున్నాడు, ఈయనైనా ఉండాలి మేమైనా ఉండాలి అని లాండ్రీలో చేసే పద్నాలుగు మందీ కాయితం మీద సంతకాలు పెట్టి డాక్టరమ్మకిచ్చారు. డాక్టరమ్మ వారం గడువిచ్చింది. ఈలోపు సర్దుకోకపోతే బట్టలుతికే పని బయట కంపెనీకి ఇచ్చేసి లాండ్రీకి తాళం వేస్తానంది. పద్నాలుగు మందీ తలో దిక్కూ పోతారు. తన వాళ్లని తన పుస్తకమే రోడ్డున పడేసిందంటే, మేడమ్ ఇక ఏ హాల్లో ఏ మొహం పెట్టుకుని నిలబడుతుంది?

కానీ బెంగపడే మనిషా ఆవిడ. నేను వెళ్లి ఒక్క గంట మాట్లాడితే చాలు అనుకుని, మర్నాడే కోటు వేసుకుని తెర, ప్రొజెక్టరు పట్టుకుని దిగింది. మాట్లాడింది కూడా, గోడలు కరిగిపోయేలా. మీరు బంగారాలు, మీరు లేకపోతే ఈ ఆసుపత్రే లేదు అంది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

చివరికి ఇస్త్రీ ఆవిడ నోరు విప్పింది. "అక్కా, ఏడేళ్లయింది నువ్వీ మెట్లు దిగి. మేం బంగారమని నీకెవరు చెప్పారు?"

స్టేజీల మీద ఎంతమంది ఎన్ని అడిగినా టకామని జవాబిచ్చే మేడమ్ ప్రొజెక్టరు ఆపేసింది. ఇన్‌ఛార్జి పుస్తకంలోంచి చదివాడు, తను నోటికొచ్చింది అప్పజెప్పింది. పెద్ద తేడా ఏముంది? ప్రొజెక్టరు తీగ చుట్టేసి, కోటు మేకుకి తగిలించి, ఇన్‌ఛార్జి గదిలోకి వెళ్లింది.

"నాకు మనుషులతో మాట్లాడ్డం రాదు మేడమ్. మీ మాటలైతే తప్పుండదనుకున్నాను" అన్నాడాయన.

"తప్పు మీది కాదు, నాదే. రేపట్నుంచి మీరేం మాట్లాడకండి. చూడండి. సాయంత్రం నాకొక్కటి చెప్పండి చాలు."

మొదటి సాయంత్రం అందరూ బాగా చేశారన్నాడు. ఎవరు, ఎప్పుడు అంటే మళ్లీ అందరూ అన్నాడు. రెండోరోజు, నాలుగో ట్రాలీ చక్రం కిర్రుమంటోందన్నాడు. "అది చక్రమండీ, నాకు మనిషి కావాలి" అని తిప్పి పంపేసింది. తనేమో ఆ రెండు రోజులూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు, దుప్పట్లు మడిచింది. ఏడేళ్లు మైకు పట్టిన చేతులు కదా, మడత వంకర పోయిందని ఇస్త్రీ ఆవిడ రెండుసార్లు విప్పి మళ్లీ ఇచ్చింది. మూడో సాయంత్రం ఆయన పరుగున వచ్చి ఏదో చెప్పాడు. మేడమ్ విని, "ఇది నాక్కాదు, రేపు వాళ్లకి చెప్పండి" అంది.

నాలుగోరోజు పొద్దున్న అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన చేతిలో పుస్తకం లేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

"అమ్మా, నిన్న పదకొండింటికి ఆపరేషను గౌనుకి వెనక కట్టే తాడు ఊడిపోయుంది. మీరు దాన్ని పక్కన పెట్టి, భోజనాల టైములో కూర్చుని కుట్టారు. ఎవరూ చెప్పలేదు మీకు."

ఇస్త్రీ ఆవిడ ఆయన వంక ఎగాదిగా చూసింది. "ఒకటి కాదు, రెండు గౌన్లు."

"రెండోది నేను చూడలేదమ్మా."

ట్రాలీ ఆయన వెనక నుంచి, మరి నా సంగతేంటని అడిగాడు. "మీది ఇంకా ఏమీ చూడలేదు. ఇవాళ చూస్తాను" అన్నాడు ఇన్‌ఛార్జి, నిజం చెప్పేసి. లాండ్రీ అంతా గొల్లుమంది, ఈసారి ట్రాలీ ఆయన కూడా నవ్వాడు. ఆ రోజు ఆయన ట్రాలీ తోసిన తీరు చూస్తే విమానం నడుపుతున్నాడనుకోవాలి.

మధ్యాహ్నానికి ఇస్త్రీ ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంటూ డాక్టరమ్మ గదికెళ్లి, సంతకాల కాయితం వెనక్కి ఇచ్చేయమంది. "ఉండనీండి పాపం. ఇప్పుడిప్పుడే కనపడుతున్నట్టుంది ఆయనకి" అంది. తాళం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మేడమ్ ఆసుపత్రి గేటు దాటకముందే అచ్చువేసే ఆయనకి ఫోన్ చేసి, వెనక పేజీలన్నీ పీకేయమంది. జనం కొనేదే వాటికోసమని ఆయన లబోదిబోమన్నాడు. ఆవిడ వినలేదు. ఆ తర్వాతి వారం బస్సు డిపోలో మాట్లాడాలి. ముందురోజు తెల్లారేసరికి వచ్చేస్తాను, టైర్లు మార్చే షెడ్డులో కుర్చీ వేయించండి అని డిపో మేనేజరుకి చెప్పింది. అక్కడంతా గ్రీజు, మీ కోటు పాడైపోతుంది మేడమ్ అన్నాడాయన.

"పోతే పోయింది, ఇంట్లోనే టైలరున్నాడు" అంది.