వేలిముద్ర డ్రైవరూ, నేను అడగని రెండు రోజులూ

మనుషుల వేళ్ళ మీద ఒకరి గీతలు ఇంకొకరితో కలవకుండా గీసిన సృష్టికర్తకు స్తోత్రం. నా చేతికి పని నేర్పిన దేవునికి, ఆ పనిలోనే నా హృదయం ఎంత చిన్నదో చూపించి కూడా నన్ను విడిచిపెట్టని దేవునికి మహిమ కలుగును గాక.

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఎండాకాలంలో, జగిత్యాల, కోరుట్ల సేవా కేంద్రాల్లోని వేలిముద్ర యంత్రాలకు కొత్త డ్రైవర్లు ఎక్కించే పని నాకు అప్పగించారు. ఆ కేంద్రాల్లో ధ్రువపత్రాలకు దరఖాస్తులు తీసుకుంటారు. అక్కడి కంప్యూటర్లను చూసుకునే ఒక ప్రైవేటు సంస్థలో నేను సీనియర్ సర్వీస్ ఇంజనీర్‌ని. నా పైన కరీంనగర్‌లో ఏరియా మేనేజర్ ఉండేవారు. నా కింది హోదాలో సిరిసిల్ల కేంద్రాన్ని పద్మ అనే సర్వీస్ ఇంజనీర్ చూసేది.

డ్రైవర్ అంటే ఏమిటో ఒక మాటలో చెబుతాను. ప్రింటర్, స్కానర్, వేలిముద్ర యంత్రం లాంటి ప్రతి పరికరానికీ తన భాష తనకుంటుంది. ఆ భాషను కంప్యూటరుకు అర్థమయ్యేలా చెప్పే చిన్న ప్రోగ్రాం డ్రైవర్. ఒక విధంగా దుబాసీ. కంప్యూటర్లో భద్రతా మార్పులు జరిగినప్పుడల్లా దుబాసీని కూడా మార్చాలి. మార్చకపోతే ఒకరోజు పరికరం పలకడం మానేస్తుంది. తొందరపడి మారిస్తే అప్పటిదాకా బాగా పలికిన పరికరమే మొండికేస్తుంది. నా ఉద్యోగంలో సగం ఈ రెండింటి మధ్యనే గడిచింది.

పద్మ గురించి నిజం చెప్పాలి. ఆమెది సిరిసిల్లలో మరమగ్గాల మీద బతికే కుటుంబం. పాలిటెక్నిక్ చదివి ఉద్యోగంలో చేరింది. మొదటి ఆరు నెలలు పని నేర్పింది నేనే. కొత్త డ్రైవర్ ఎక్కించే ముందు పాతదాన్ని భద్రపరచాలని, దాని నంబరు, తేదీ రాసుకోవాలని చెప్పింది కూడా నేనే. ఆమె ఆ మాటను పట్టుకుని ఒక రిజిస్టరు పెట్టింది. ప్రతి యంత్రానికీ ఒక పేజీ, ఏ డ్రైవర్ ఎప్పుడు ఎక్కింది, ఎందుకు మారింది, పాతది ఎక్కడ ఉంది, అన్నీ అందులో ఉండేవి. మేనేజర్ ఒకసారి తనిఖీకి వెళ్ళి ఆ రిజిస్టరు చూసి మెచ్చుకున్నారు. తర్వాత ప్రతి సోమవారం ఫోన్ మీటింగులో అదే మాట: "సిరిసిల్ల నుంచి ఒక్క కంప్లైంట్ రాలేదు. సుందరం గారూ, ఒకసారి పద్మ రిజిస్టరు చూడండి."

ఫ్లాపీల కాలం నుంచి ఈ పని చేస్తున్నవాణ్ణి. నేను నేర్పిన పద్ధతిని ఆమె దగ్గరికి వెళ్ళి చూసి రమ్మంటున్నారు. ఆ సోమవారాల్లో నాకు మధ్యాహ్నం అన్నం సయించేది కాదు. ఆమెకు ఎన్నిసార్లు మెప్పు వచ్చిందో నాకు గుర్తుండేది. నాకు వచ్చినవి గుర్తుండేవి కావు. పాత డ్రైవర్లు దాచుకోవడం ఆమె పద్ధతిగా పేరుపడిపోయింది కాబట్టి నేను దాచుకోవడమే మానేశాను. ఆమెకు బదిలీ కావాలని ప్రార్థన కూడా చేశాను. దానికి దేవుని చిత్తం అని పేరు పెట్టాను. అదే రోజుల్లో ఆదివారం బడిలో పిల్లలకు మత్సరం గురించి పాఠం చెబుతున్నాను.

కొత్త డ్రైవర్ వచ్చిన సోమవారం మీటింగులో పద్మ ఒక అభ్యంతరం చెప్పింది. "సార్, మన ఏలు పెట్టి చూస్తె మంచిగనే తీసుకుంటది. గని సాంచెల మీద పనిచేసెటోళ్ళ ఏళ్ళు అరిగిపోయి ఉంటయ్. బీడీలు చేసెటోళ్ళయి గూడ గంతే. అసుంటోళ్ళతోని ముందుగాల ఒక్క మిషన్ మీద చూసి, తర్వాత అన్నిట్ల ఎక్కిద్దాం" అంది. సాంచెలంటే మరమగ్గాలు.

కొత్త డ్రైవర్‌కు నెలాఖరు దాకా గడువుంది. ఆమె చెప్పినట్టు చేయడానికి ఏ అడ్డూ లేదు. మేనేజర్ నిర్ణయం నాకు వదిలారు. "సిరిసిల్ల పద్ధతి సిరిసిల్లలో పెట్టుకో పద్మా. నా రెండు కేంద్రాలూ ఇయ్యాల్నే అయిపోతయ్" అన్నాను. ఆమె కన్నా ముందు ముగించాలన్నది తప్ప ఆ మాట వెనక ఇంకేమీ లేదు.

ఆ ఉదయమే జగిత్యాలలో ఎక్కించాను. మధ్యాహ్నానికి కోరుట్ల చేరాను. పాత డ్రైవర్‌ను తీసేటప్పుడు కంప్యూటర్ ఒక ప్రశ్న అడుగుతుంది, దాని ఫైళ్ళను కూడా పూర్తిగా తుడిచేయాలా అని. నా ఉద్యోగ జీవితంలో ఎన్నడూ ఆ గడిలో టిక్ పెట్టినవాణ్ణి కాదు. ఆరోజు పెట్టాను. నా పెన్‌డ్రైవ్‌లో ఉన్న ప్రతిని కూడా తుడిచి దాని మీద కొత్తది పోశాను. తర్వాత నా బొటనవేలు పెట్టి చూశాను. పచ్చ దీపం వెలిగింది. కేంద్రం ఆపరేటర్ శేఖర్ వేలు పెట్టాడు. పచ్చ దీపమే. రెండూ కీబోర్డు తప్ప ఇంకేమీ ఎరగని వేళ్ళు. "పూర్తయింది" అని మేనేజర్‌కు సందేశం పంపి బస్సెక్కాను.

మంగళవారం పొద్దున శేఖర్ ఫోన్ చేశాడు. బీడీ కార్మికుల వేళ్ళను యంత్రం తీసుకోవడం లేదు. నేను వెళ్ళేసరికి గంగామణి అనే బీడీ కార్మికురాలు యంత్రం ముందు నిలబడి బొటనవేలిని కొంగుకు తుడుస్తూ ఉంది. ఆమెది కల్లు గీసే కుటుంబం. తాటిచెట్లు ఎండిపోయి గీతపని నడవక భర్త నర్సయ్య గల్ఫ్‌కు పోయాడు. అక్కడ కంపెనీ మూతపడింది. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోయింది. ఆ దేశపు ప్రభుత్వం కాగితాలు లేని కూలీలకు క్షమాభిక్ష ప్రకటించింది. ఆదివారం లోపల రాయబార కార్యాలయంలో తన ఊరు, కుటుంబం రుజువు చేసే పత్రం చూపితే ఔట్‌పాస్ అనే ప్రయాణ పత్రం ఇస్తారు; శిక్ష లేకుండా ఇంటికి రావచ్చు. గడువు దాటితే పట్టుకుని జైల్లో పెడతారు. ఆ పత్రానికి దరఖాస్తు ఆమె వేలిముద్రతోనే నమోదు కావాలి. నమోదైన రెండు పనిదినాలకు పత్రం చేతికి వస్తుంది.

"సారూ, గీ మిషన్ నన్ను మనిషి కిందనే చూస్తలేదు. పోయిన నెల గిదే ఏలు, గిదే మిషన్. గప్పుడు తీసుకున్నది" అంది గంగామణి.

"వేళ్ళు నిమ్మకాయతో రుద్ది కడుక్కొని రా అమ్మా" అన్నాను.

"కడిగిన సారూ. సబ్బు పెట్టి కడిగిన, నిమ్మకాయ పెట్టి కడిగిన. ఇగ తోలు ఒక్కటే మిగిలింది."

వరుసలో ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. కారణం నాకు అప్పటికే తెలుసు. ముద్ర ఎంత స్పష్టంగా ఉంటే ఒప్పుకోవాలన్న కొలత కొత్త డ్రైవర్‌లో పెరిగింది. తునికాకు కత్తిరించి, తంబాకు చుట్టి, మూతి మలిచీ మలిచీ అరిగిన వేళ్ళ ముద్ర ఆ కొలతకు అందదు. పద్మ చెప్పింది ఇదే. పాత డ్రైవర్‌కు వెనక్కి వెళ్ళే బటన్ కోసం చూశాను. అది నొక్కడానికి వీల్లేకుండా మసకబారి ఉంది. వెనక్కి వెళ్ళడానికి అక్కడ ఏదీ లేదు. నేనే తుడిచేశాను. జగిత్యాలలోనూ అదే చేశాను. తయారీదారు వెబ్‌సైటులో కొత్తది తప్ప లేదు.

మా మూడు కేంద్రాల్లో పాత డ్రైవర్ ఉన్నది ఒక్క పద్మ దగ్గర. ఫోన్ నా చేతిలో ఉంది. ఆమె నంబరు దాకా వెళ్ళి ఫోన్ జేబులో పెట్టుకున్నాను. "రేపు రా అమ్మా, పైనుంచి సరిచేస్తున్నారు" అని గంగామణికి అబద్ధం చెప్పాను.

బుధవారం అంతా కరీంనగర్‌లో తిరిగాను. తెలిసిన కంప్యూటర్ దుకాణాల్లో పాత సీడీల కోసం వెతికాను. అక్కడికి బస్సులో వెళ్తుంటే కొండగట్టు దగ్గర శేఖర్ ఫోన్ చేసి గంగామణి మళ్ళీ వచ్చి కూర్చుందని చెప్పాడు. కూర్చోనీ అన్నాను. సీడీ దొరకలేదు.

గురువారం పొద్దున ఒక ఉపాయం తోచింది. తనిఖీ పేరుతో సిరిసిల్ల వెళ్ళి, పద్మ చూడకుండా ఆమె కంప్యూటర్లోంచి ఆ ఫైలు కాపీ చేసుకోవాలి. సంఘంలో పెద్దగా కూర్చునేవాణ్ణి, జేబులో ఖాళీ పెన్‌డ్రైవ్‌తో, దొంగతనానికి మొదటి బస్సు ఎక్కాను. వేములవాడ దాటేదాకా, ఆమె టీకి బయటికి వెళ్ళేలా చేయమని దేవుణ్ణి అడిగాను కూడా.

నేను వెళ్ళేసరికి పద్మ కేంద్రంలోనే ఉంది. "తనిఖీకి వచ్చిన" అన్నాను. కూర్చోమని కుర్చీ వేసింది. ఆమె లేచి మంచినీళ్ళకు వెళ్ళగానే నేను ఆమె కంప్యూటర్ ముందుకు జరిగాను. అక్కడ కీబోర్డు పక్కనే ఒక పెన్‌డ్రైవ్ ఉంది. దానికి అంటించిన చీటీ మీద "కోరుట్ల, పాత డ్రైవర్, సుందరం సార్‌కు" అని రాసి ఉంది.

ఆమె నీళ్ళ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది.

"తీసుకోండ్రి సార్. మంగళవారమే కాపీ చేసి పెట్టిన" అంది.

ఎవరు చెప్పారని అడిగాను.

"శేఖర్ మంగళవారం పొద్దుగాల్నే ఫోన్ చేసిండు. అక్కా, నువ్వే పంపు అన్నడు. మీరు అడగకముందు నేను పంపితె మీకు మంచిగ అనిపియ్యదని ఊకున్న. సారే అడుగుతరు తియ్ అన్న. ఇయ్యాలటిదాంక ఎదురు చూసిన." మళ్ళీ తనే, "పాతది దాచిపెట్టాల్నని మీరే గద సార్ నేర్పింది" అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగా అర్థంకాక అడిగింది.

ఆమె ఆ ఫైలును అక్కడి నుంచే శేఖర్‌కు మెయిల్ చేసింది, జగిత్యాలకూ పంపింది. ఎలా ఎక్కించాలో ఫోన్లో చెప్పింది. మొత్తం ఇరవై నిమిషాల పని. నేను సిరిసిల్ల వెళ్ళనే అక్కర్లేదు. మంగళవారం పది గంటలకు ఒక ఫోన్ చేసి ఉంటే పదిన్నరకల్లా అయిపోయేది. గంగామణి వేలు రెండోసారికి పచ్చ దీపం వెలిగించిందని శేఖర్ చెప్పాడు. వెనక ఆడవాళ్ళ కేకలు ఫోన్లో వినిపించాయి.

దరఖాస్తు గురువారం నమోదైంది. శుక్రవారం ఒక పనిదినం. ఆ మరునాడు రెండో శనివారం, సెలవు. తర్వాత ఆదివారం. పత్రం సోమవారం చేతికి వచ్చింది. మంగళవారమే నమోదై ఉంటే గురువారానికి వచ్చేది. అదేరోజు ఫోటో తీసి నర్సయ్యకు పంపేవాళ్ళు. ఆదివారంతో గడువు ముగిసింది. నర్సయ్యను ఆ తర్వాతి వారం కూలీల క్యాంపులో పట్టుకున్నారు. ఏడు నెలలు అక్కడి జైల్లో ఉండి ఇంటికి వచ్చాడు.

ఆ నెల సర్వీసు రిపోర్టులో కారణం దగ్గర "డ్రైవర్ లోపం" అని రాశాను. మేనేజర్ సంతకం పెట్టారు. పద్మ ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆ మౌనానికి కూడా ఆమె మీద కొన్నాళ్ళు మండిపడ్డాను. నర్సయ్య వచ్చాడని తెలిసిన తర్వాతే నాకు నిద్ర కరువైంది. మొదట మేనేజర్ దగ్గరికి వెళ్ళి రిపోర్టులో కారణం మార్చి రాయించాను. తర్వాతి ఆదివారం సంఘం ముందు నిలబడి చెప్పుకున్నాను. అది సులువే, అక్కడ అందరూ స్తోత్రం అన్నారు. ఆ తర్వాత కోరుట్ల వెళ్ళాను.

గంగామణి అరుగు మీద చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నర్సయ్య లోపల పడుకుని ఉన్నాడు. నేను మొత్తం చెప్పాను. ఫైలు తుడవడం, పద్మను అడగకపోవడం, పైనుంచి సరిచేస్తున్నారని అబద్ధమాడడం. ఆమె చేతులు ఆగలేదు. చెప్పడం అయిపోయాక తలెత్తి అడిగింది.

"గామె మీకు పగదా సారూ?"

"కాదమ్మా."

"మరి అడగనీకె ఏమైంది?"

అక్కడ స్తోత్రం అనేవాళ్ళు లేరు. క్షమించానని ఆమె అనలేదు. అనమని నేను అడగలేదు. ఇంకో ఆకు తీసి కత్తెర పెట్టింది. నేను లేచి వచ్చాను.

ఈ పనిలోకి వచ్చేవారికి ఆ సంఘటన నుంచి చెప్పగలిగింది ఇంతే. కొత్త డ్రైవర్ ఎక్కించే ముందు పాతదాన్ని రెండు చోట్ల దాచండి. ఒక యంత్రం మీద ముందు చూడండి. చూసేటప్పుడు మీ వేలు కాదు, రోజూ ఆ యంత్రం ముందు నిలబడేవాళ్ళ వేలు పెట్టించండి. మీకు కావలసింది ఇంకొకరి దగ్గర ఉందని తెలిసిన గంటలోనే అడగండి. మీ అసూయ మీ ఒక్కరికే తెలుసనుకోకండి. మీ చుట్టూ ఉన్నవాళ్ళకు అది తెలిసిపోతుంది, దానికి భయపడి వాళ్ళు చేయవలసిన మేలును ఆపుకుంటారు. ఆ ఆలస్యాన్ని వరుసలో నిలబడ్డవాళ్ళు మోస్తారు.

చదివినవారు ఈ మాట దగ్గర ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. నాకోసం కాదు. కాగితం కోసం ఈరోజు ఎక్కడో ఒక కిటికీ ముందు ఎదురుచూస్తున్నవాళ్ళ పని ఈరోజే కావాలని, ఆ కిటికీకి ఇవతల కూర్చున్నవాళ్ళు అడగవలసిన వాళ్ళను అడిగేలా దేవుడు వాళ్ళ నోరు తెరవాలని అడగండి. ఆమేన్.