నడిమిగోడలో గిన్నె

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. కొలిచే టేపు మీద ఉంది. తెనాలిలో ఒక ఇంజినీరు గారి దగ్గర ప్లాన్లు గీస్తాను. టేపు అబద్ధమాడదు. ఆడిందంటే అవతలి కొస పట్టుకున్నవాడు ఫోన్ చూసుకుంటున్నాడని అర్థం. కాబట్టి ఇలాంటివి రాయవలసినవాణ్ణి నేను కాదు. కానీ జరిగింది నాకు.

రేపల్లెలో మా చర్చివాళ్ళకు ఒక పాత జంట ఇల్లు ఉంది. అమెరికా నుంచి వచ్చిన మిషనరీలు రెండు కుటుంబాల కోసం, తమ ఊళ్ళో కట్టుకునే పద్ధతిలోనే కట్టించారట. కప్పు ఒకటే, నడిమిగోడ ఒకటే. వరండాలో పక్కపక్కనే రెండు వాకిళ్ళు, లోపల రెండు మెట్లదారులు. ఒక భాగంలో ఏముందో రెండో భాగంలోనూ అదే, అద్దంలో చూసినట్టు. ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి తలుపు లేదు. నడిమిగోడకు అటూ ఇటూ చలిమంట వేసుకునే గూళ్ళు, రెంటికీ కలిపి ఒక పొగగొట్టం. ఉక్కకు చొక్కా ఒంటికి అంటుకుపోయే రేపల్లెలో చలిమంట. దొరలు ఊరు మారారు గానీ ప్లాన్ మార్చడం మరిచిపోయి ఉంటారు. మా ఆఫీసులోనూ అప్పుడప్పుడు జరుగుతుంది.

ఆ గూళ్ళ మధ్య ఎవరో ఎప్పుడో కొన్ని ఇటుకలు తీసేశారు. ఒక గిన్నె పట్టేంత సందు.

తూర్పు భాగంలో మా మేనత్త కరుణ ఉంటుంది, రిటైరైన టీచరు. పడమటి భాగంలో మస్తాన్‌బీ పెద్దమ్మ ఉండేది, టైలరు గారి భార్య. రంజాన్‌కు సేమ్యా అటునుంచి ఇటు, క్రిస్మస్‌కు అరిసెలు ఇటునుంచి అటు, ఆ సందులోంచే వెళ్ళేవి. ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగి వెళ్ళేది కాదు. ఇంట్లో ఏమీ లేకపోతే అడుగున చిటికెడు పంచదార వేసేవాళ్ళు.

ఒకసారి బావి దగ్గర బట్టలుతికే బండ కోసం ఇద్దరికీ మాటామాటా వచ్చింది. అత్తయ్య కోపంలో, మస్తాన్‌బీ పేరు చెక్కించిన స్టీలు గిన్నెను కడిగి ఖాళీగా సందులో పెట్టేసింది. అవతలి చెయ్యి దాన్ని తీసుకుంది. తర్వాత మాటలు లేవు. కొన్నాళ్ళకు పెద్దమ్మ బాపట్లలో కూతురు షమీమ్ ఇంటికి వెళ్ళిపోయింది. పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని తెలిసింది. అత్తయ్య రోజూ బయలుదేరేది, గేటు దాకా.

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళనురా" అనేది.

"ఉన్నదే పెట్టుకెళ్ళు అత్తయ్యా, ఆవిడ గుర్తుపట్టాలిగా" అన్నాను. నవ్వలేదు.

ఇంటికి మరమ్మతులు చేయాలని చర్చి కమిటీవాళ్ళు ప్లాన్ గీయమన్నారు. నేనే వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం, ఎండ దంచేస్తోంది. దయ్యాలు కూడా నీడ పట్టున ఉండే వేళ. ముందు కమిటీవాళ్ళిచ్చిన తాళంచెవితో పడమటి భాగం తెరిచి కొలిచాను. గూటినీ సందునూ ఫోటో తీశాను. సందు ఖాళీ, బూజు తప్ప ఏమీ లేదు. ఫోటో ఇప్పటికీ ఫోన్లో ఉంది. తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, వరండాలోంచి తూర్పు భాగంలోకి వచ్చాను.

ఇటు గూటిలో వంగి చూస్తే, అదే సందులో స్టీలు గిన్నె ఉంది. అంచున మస్తాన్‌బీ అని పేరు. అడుగున పంచదార. దానికి ఒక్క చీమ పట్టలేదు. రేపల్లెలో పంచదారను చీమలకు తెలియకుండా దాచగలవాళ్ళు లేరు. అంటే దాన్ని ఎవరో అప్పుడే పెట్టారు.

వంటింట్లో బెల్లం గవ్వలు వేయిస్తున్న అత్తయ్యకు చూపించాను.

"ఏంట్రా, ఇదెక్కడ దొరికింది నీకు?"

"నువ్వు పెట్టలేదా?"

"పెట్టడానికి నా దగ్గరుంటేగా. మస్తాన్‌బీ అక్క బాపట్ల తీసుకెళ్ళింది."

అత్తయ్య పొయ్యి ఆపేసింది. గవ్వలు ఆ గిన్నెలో పోసి మూత కట్టి చెప్పులేసుకుంది. ఈసారి గేటు దగ్గర ఆగలేదు.

ఇద్దరం తెనాలిలో రైలు మారి బాపట్ల చేరేసరికి పొద్దు వాలుతోంది. షమీమ్ అక్క మమ్మల్ని కాదు, గిన్నెను చూసింది.

"ఇది మీ దగ్గరికెలా వచ్చింది పిన్నీ? పొద్దున అమ్మకు ఇందులోనే గంజి పట్టాను. కడిగి గట్టు మీద బోర్లించాను. అప్పట్నుంచి వెతుకుతున్నా. పిల్లి ఎత్తుకెళ్ళిందనుకున్నా."

పిల్లి అయినా తెనాలిలో రైలు మారాలి కదా అనబోయి, చెప్పులు విడిచి లోపలికి నడిచాను.

అత్తయ్య గిన్నె మూత తీసి మంచం పక్కన కూర్చుంది. "అక్కా, ఖాళీ గిన్నె ఇచ్చాను. తప్పైపోయింది" అంది.

పెద్దమ్మ కదిలే చేత్తో ఒక గవ్వ తీసింది. తను తినలేదు. దాన్ని అత్తయ్య నోటి దాకా తెచ్చింది.

ఆ వారంలోనే పెద్దమ్మ పోయింది. ఖననం అయ్యాక షమీమ్ అక్క ఆ గిన్నెను అత్తయ్య చేతిలో పెట్టింది, అడుగున పంచదార వేసి. తెనాలి చేరేలోపే దానికి చీమలు పట్టాయి.

నేను అన్నీ ఆలోచించాను. అత్తయ్య నాటకమా అంటే, ఆవిడకు నాటకమే వస్తే ఎప్పుడో ఏదో ఒక నెపం పెట్టుకుని బాపట్ల వెళ్ళేది. బాపట్ల నుంచి ఎవరైనా తెచ్చారా అంటే, పడమటి వాకిలి తాళంచెవి నా జేబులోనే ఉంది. తూర్పు వాకిట్లోకి ఎవరు వచ్చినా వరండాలో ఉన్న నాకు కనిపించాలి.

ప్లాన్ పూర్తిచేసి ఇచ్చాను. గోడలో ఉన్న ప్రతి ఖాళీకీ పక్కన అదెందుకో రాయాలి, కిటికీ అనో తలుపు అనో. నడిమిగోడ దగ్గర కొలతలు మాత్రమే వేశాను. ఇంజినీరు గారు వేలు పెట్టి, ఇదేంటయ్యా అని అడిగారు.

తెలియదండి అన్నాను. ఇప్పటికీ తెలియదు. మూసేయమని మాత్రం రాయలేదు.