కూర్మమ్మ మానిన అడ్డచుట్ట

శ్రీకాకుళానికి తూర్పున, సముద్రపొడ్డు పల్లెలో ఉండే కూర్మమ్మ నెత్తిన చేపల తట్ట, నోట్లో అడ్డచుట్ట లేకుండా ఎవరికీ కనబడేది కాదు. నిప్పున్న కొసను లోపలికి పెట్టుకుని పెదవులు మూసేది. ఆ పల్లెలో ఆడవాళ్లందరి అలవాటూ అదే. గాలి ఎంత కొట్టినా నిప్పు ఆరదు. ఆమెకు నేర్పింది తాతమ్మ అనే అత్తగారే. కొత్త కోడలికి పంటినొప్పి వస్తే, "ఇది పెట్టుకోయే, తగ్గిపోద్ది" అని తన చుట్టే ఇచ్చిందట. నొప్పి తగ్గింది, చుట్ట మిగిలింది.

1968 వేసవిలో నోటి జబ్బులు చూసే డాక్టర్లు జీపులో వచ్చారు. పరాయివాళ్ల ముందు నోరు తెరవడానికి సిగ్గుపడి ఆడవాళ్లెవరూ బయటికి రాలేదు. కూర్మమ్మే వెళ్లి బల్ల మీద కూర్చుంది.

"మొప్పలెత్తి సూడకుండా సేపని కొంతారేటి? సూడమ్మా" అంది.

పడుచు డాక్టరమ్మ నవ్వుతూ టార్చి వేసింది. చూశాక నవ్వు ఆపేసింది. అంగిలి తెల్లబారి ఉంది, మధ్యలో ఎర్రటి చుక్కలు.

"ఇలాగే కాలిస్తే మానని పుండవుతుంది. ఇప్పుడే వదిలేస్తే తగ్గొచ్చు."

కూర్మమ్మకు అత్త గుర్తొచ్చింది. తాతమ్మ చివర్లో గంజి కూడా మింగలేకపోయింది. అప్పుడందరూ గాలి సోకిందన్నారు.

ఆ రోజే చుట్టల కట్ట మొగుడు ఎల్లాజీ చేతిలో పెట్టేసింది. నోరు పీకినప్పుడల్లా వేయించిన చింతపిక్కలు నమిలేది. నోరు ఖాళీ అయ్యాక బేరాల్లో ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు.

"సుట్టున్నప్పుడే నయం. సగం తిట్లు పొగలో పోయీవి" అనేవాడు ఎల్లాజీ.

అసలు కష్టం మేనల్లుడి పెళ్లిలో వచ్చింది. వదిన దాలమ్మ ఆడపడుచు కోసం ప్రత్యేకంగా చుట్ట చుట్టి తెచ్చింది. కూర్మమ్మ వద్దంది.

"నా సేత్తో సుట్టింది సేదయిపోనాదేటి?"

"సేదు కాదొదినా. మా అత్త ఎలాగ పోనాదో నువ్వూ సూసినావు."

దాలమ్మ ముఖం తిప్పుకుని వెళ్లిపోయింది. మళ్లీ మాట కలపలేదు. చుట్ట లేని లోటు కన్నా ఆ లోటే కూర్మమ్మను ఎక్కువ బాధపెట్టింది.

మరుసటి వేసవిలో డాక్టరమ్మ మళ్లీ టార్చి వేసి, తోటివాళ్లను పిలిచి మరీ చూపించింది. అంగిలి గులాబీ రంగుకొచ్చింది. కూర్మమ్మ తిన్నగా వదిన గుమ్మంలోకి వెళ్లి నోరు బార్లా తెరిచి నిలబడింది. దాలమ్మ ముందు ముక్కు చిట్లించింది, తర్వాత తొంగి చూసింది.

"ఇంత నున్నగున్నాదేటే? మరి నాదెలాగున్నాదో?"

"నడు, సూపించుకుందాం."

ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని జీపు దగ్గరికి నడిచారు. దాలమ్మకు మచ్చ అప్పుడే మొదలవుతోంది. ఆమె మానడానికి మరో ఏడాది పట్టింది. ఈలోగా వదిన నడుముకు దోపుకున్న చుట్టలు ఆడపడుచు లాగెయ్యడం, ఇద్దరూ వీధిలో పోట్లాడుకుని పకపకా నవ్వడం ఊరందరికీ వేడుకైంది. ఎల్లాజీ మాత్రం మానలేదు. పెళ్లాం కంట పడకుండా పడవల చాటుకు పోయి కాల్చుకునేవాడు.