అమ్మ కూసోగల కారు

మేము కారు కొనాలనుకున్న ఏడు, మా అమ్మ ఇల్లు దాటక రెండేండ్లు అయితాంది. పుట్టింది, మెట్టింది మర్రిగూడ దిక్కే. చిన్నప్పటి సంది ఆ ఫ్లోరైడ్ బోరునీళ్ళు తాగిన పానం. నడుము కట్టెలెక్క బిగుసుకపోయింది. మోకాళ్ళు సగం దాకనే వంగుతయి. మెడ తిప్పాల్నంటె మనిషే తిరగాలె. మాట ఒక్కటే ఎప్పట్లెక్క చురుకుగుండె.

మా నాయిన పోయినంక ఆమెను నల్లగొండల మా కిరాయింటికి తెచ్చుకున్నం. బస్సు మెట్టు ఎక్కలేదు, ఆటోల వంగి దూరలేదు. ఆఖరుకు ట్రాలీ ఆటోల మంచమేసి, దానిమీద పండవెట్టి తీస్కొచ్చినం. తొవ్వపొంటి ఊర్లల్ల జనం లేచి నిలవడి చూసిండ్రు. ఒకాయన చేతులు జోడించి దండం కూడ పెట్టిండు, శవం పోతాందనుకొని. అమ్మ కండ్లు మూసుకొని ఇల్లు చేరేదాక తెరవలేదు. దిగినంక ఒక్కటే మాట అన్నది.

"ఇగ నన్ను యాడికీ తీస్కపోకు బిడ్డా."

నేను కట్టంగూర్ దగ్గర సర్కారు బడిల పంతులమ్మను. మా ఆయన నల్లగొండల విత్తనాల దుకాణంల పని చేస్తడు. కొత్త కారు మాతోని కాదు, పాతది చూద్దామనుకున్నం. మా ఆయన హైదరాబాద్ రోడ్డు మీద పాత కార్లు అమ్మే జాగకు పోయి ఒక తెల్ల కారు చూసొచ్చిండు. పొడుగ్గ, నేలకు అంటుకున్నట్టు, పెండ్లికొడుకు లెక్క మెరుస్తుండె. అమ్మేటాయన దాన్ని మా ఇంటి ముందటికే తెచ్చి నిలవెట్టిండు.

"అత్తమ్మా, ఒక్కసారి కూసోని చూడు" అన్నడు మా ఆయన.

అమ్మ చేతికట్టె గోడకానిచ్చి వెనుకకు తిరిగి కూసోబోయింది. తల పైన తాకింది. తల వంచుదామంటె మెడ వంగదు. ఎట్లనో సీట్ల పడ్డది గని సీటు కింద గుంతలెక్క ఉన్నది, మోకాళ్ళు లోపలికి రావాయె. కాళ్ళు బయట, మనిషి లోపల. మా ఆయన ఒక రెక్క, అమ్మేటాయన ఒక రెక్క పట్టి లేపిండ్రు. అమ్మ పై పెదవి మీద చెమట బొట్లు నిలవడ్డయి.

"మంచిగున్నది అల్లుడా. కొనుక్కోండ్రి. నేను ఇంటికాడ కావలుంట" అన్నది.

మా ఆయన మొఖం చిన్నగైంది. ఆ కారు ఎట్ల వచ్చిందో అట్లనే పోయింది.

ఆ మాపటీలి నేను అమ్మ కుర్చీ దిక్కు చూసుకుంట కూసున్న. మామూలు కుర్చీల కూసుంటె లేవరాదని దాని నాలుగు కాళ్ళ కింద ఇటుక పెళ్ళలు పెట్టినం. దాంట్లయితె ఎవ్వరి సాయం లేకుండ కూసుంటది, లేస్తది. నేలమీది నుంచి సీటు దాక జానతోని కొలిచిన. రెండు జానలు, మీద నాలుగు వేళ్ళు. గా ఎత్తుల సీటున్న కారు దొరికితె అమ్మ తనంతట తనే కూసుంటదని నాకప్పుడు తోచింది. అందరు మైలేజీ అడుగుతరు, ఏ సంవత్సరం బండి అని అడుగుతరు. నేను మాత్రం ఎక్కడ కారు అమ్మకానికున్నదన్నా పోయి, డోరు తీసి, నేలమీద కూసోని జానతోని కొలుసుడు షురూ చేసిన.

"మేడమ్, అందరు ఇంజన్ చూస్తరు. మీరేంది, బట్ట కొలిచినట్టు కొలుస్తున్నరు?" అని ఒక దుకాణపాయన నవ్విండు.

"ఇంజన్ మీద కూసోము గద అన్నా" అన్న.

ఏడు కార్లు కొలిచిన. ఒకటి జానెడు తక్కువ, ఒకటి బెత్తెడు తక్కువ. పెద్ద జీపులసొంటివి మళ్ళ మరీ ఎత్తు, మెట్టెక్కాలె. మనసు చిన్నబోయిన టైంల మా బడిల తోటి టీచర్ ఒకామె చెప్పింది. వాళ్ళ దూరపు చుట్టం మోత్కూర్ల ఉంటడట, పశువుల దవాఖానల చేసి రిటైరైండట. ఆయన దగ్గర పాత చిన్న కారున్నదట. పొట్టిగ, ఎత్తుగ, అగ్గిపెట్టె నిలవెట్టినట్టుంటది గా రకం. నిండ సామాను లేని చౌక బండే. కంపెనీ దాన్ని చేసుడు ఎప్పుడో బంద్ చేసింది.

ఆ మాట ఇంట్ల చెప్తె మా ఆయన తల అడ్డంగ ఊపిండు. "కంపెనీయే వద్దనుకున్న బండి మనకెందుకు? రేపు ఏమన్న ఇరిగితె సామాను యాడ దొరుకుతది?"

ఆయన అడిగింది ఉత్త మాట కాదు. అందుకే కారు కంటె ముందు సామాను వెతికిన. బడి అయిపోయినంక నల్లగొండల కార్ల సామాన్లమ్మే దుకాండ్లకు పోయిన. క్లచ్ ప్లేటున్నదా, బ్రేకులున్నయా, బెల్టున్నదా, హెడ్‌లైటున్నదా అని చీటీ మీద రాస్కపోయి అడిగిన. ఒక ముసలి సేటు ఓపికగ చెప్పిండు.

"బండి బంద్ అయింది గని దాని ఇంజన్ బంద్ కాలేదమ్మా. గదే ఇంజన్ గా కంపెనీ వేరే కార్లల్ల ఉన్నది. లోపలి సామానుకు ఫికర్ లేదు. డోరు, బంపరు, లైటు... ఇవి పగిలితె మాత్రం జర తిరగాలె. కాపాడుకుంట నడుపుకో."

మా గల్లీ చివరన బస్సు డిపోల మెకానిక్ చేసి దిగిపోయిన పెద్దమనిషి ఉంటడు. కాకా అని పిలుస్త. ఆయన్ను బతిమాలి, ఒక ఆదివారం ముగ్గురం బస్సెక్కి మోత్కూర్ పోయినం. పోకముందే కాక ఆ కారాయనకు ఫోన్ చేసి ఒక్క మాట గట్టిగ చెప్పిండు. "మేమొచ్చేదాక బండి షురూ చెయ్యకుండ్రి సార్."

ఎందుకు కాకా అంటె, "వేడిమీదున్న ఇంజన్ ఏదైనా మంచిగనే మాట్లాడుతది టీచరమ్మా. సల్లగున్నప్పుడు దాని అసలు గొంతు తెలుస్తది" అన్నడు.

ఆ ఇంటి ముందర వేపచెట్టు నీడకు బూడిద రంగు కారు నిలవడి ఉన్నది. రంగు ఎండకు వెలిసింది. డోరు తెరిస్తె టీకాల మందు వాసన వచ్చింది. ఆ సారు చాన ఏండ్లు మంచుడబ్బా వెనుక సీట్ల పెట్టుకొని ఊరూరు తిరిగి బర్లకు సూదులేసిండట. కాక మొదాలు బానెట్ మీద అరచెయ్యి పెట్టి, సల్లగున్నదని తలూపిండు. ఇంజన్ నూనె మూత ఇప్పి చూసిండు. లోపల తెల్లగ మీగడలెక్క ఉంటె నీళ్ళు కలిసినట్టట, ఇది శుభ్రంగున్నది. తాళం తిప్పంగనే ఒక్క దెబ్బకు షురూ అయింది. పొగగొట్టం కాడ తెల్ల చేతిరుమాలు పెట్టి చూసిండు, నల్లగ కాలేదు. కాళ్ళ కింది పట్టా లేపి వేలుతోని గీకిండు, వరద నీళ్ళల్ల మునిగితె చేరే ఒండ్రు లేదు. డోర్ల సందులు ఒక్క తీరుగున్నయా అని ఒక కన్ను మూసి చూసిండు.

ఎడమ దిక్కు వెనుక డోరుకాడ ఆగి, "ఇది దెబ్బ తిన్నది సార్" అన్నడు.

ఆ సారు దాపలేదు. "దున్నపోతు గుద్దింది. డోరు మార్పిచ్చిన. ఏసీ కూడ ఎండకాలంల సరిగ సల్లగ కాదు. స్టీరింగు బరువు. గతుకుల మీద లోపల ప్లాస్టిక్ అంత గలగలమంటది. ఇవి కాక ఇంకేమన్న దొరికితె మీరే చెప్పుండ్రి" అన్నడు.

కాగితాలు చూసినం, అన్ని ఆయన పేరుమీదనే ఉన్నయి, యాడ బాకీ లేదు. అప్పుడు నేను ముందు డోరు తీసి నేలమీద కూసున్న. రెండు జానలు. నాలుగు వేళ్ళు. మీద ఇంకొక్క వేలు. మళ్ళ కొలిచిన, అంతే వచ్చింది. మీద కప్పు కూడ ఎత్తుగున్నది, తల వంచే పని లేదు. మొఖంల మాత్రం ఏం కానరానియ్యలేదు. బేరం కాకముందే సంబురం చూపెట్టొద్దని కాక తొవ్వల చెప్పి ఉండె.

"మా అమ్మ ఒప్పుకుంటేనే కొంటం సార్" అన్న. ఆ సారు కూడ మాతోని కార్ల నల్లగొండకు వచ్చిండు.

ఇంటి ముందట ఆపితె అమ్మ గడపకాడ నిలవడి చాన సేపు చూసింది. తెల్ల కారు యాదికున్నట్టుంది. గల్లీల నలుగురైదుగురు గూడిండ్రు. మా ఆయన సాయం పట్టబోతె అమ్మ కట్టె అడ్డం పెట్టింది.

"ఎవ్వరు ముట్టకుండ్రి."

సీటు దిక్కు వీపు పెట్టింది. చెయ్యి వెనుకకు చాపి సీటు అంచును తడిమింది. కూసున్నది. ఇటుకల కుర్చీల కూసున్నట్టే, అంత అల్కగ. మెల్లగ ఒక కాలు లోపలికి, ఇంకో కాలు లోపలికి. ముందటి అద్దంలకెల్లి నేరుగ చూసింది. ఇంత పనికి మా ఇంట్ల రెండేండ్లు పట్టింది.

"తలుపెయ్యి" అన్నది.

"యాడికి పోదామమ్మా?"

"యాడికైనా. ముందుగాల తలుపెయ్యి."

కాక నడిపిండు. గడియారం చౌరస్తా తిరిగి, కూరగాయల బజారు పక్కపొంటి పోయినం. అమ్మ దుకాండ్ల పేర్లు చదివిపిచ్చుకున్నది. మామిడిపండ్లు కొనిపిచ్చి ఆ మోత్కూర్ సారు చేతుల పెట్టింది. దిగేటప్పుడు కూడ ఎవ్వరి చెయ్యి పట్టలేదు. మా ఆయన నా దిక్కు చూసి, "ఇగ అడిగేదేమున్నది, తీస్కుందాం" అన్నడు.

కాకే నాకు డ్రైవింగు నేర్పిండు. స్టీరింగు బరువుకు వారం రోజులు రెక్కలు గుంజినయి. నేర్చిన నెలకు ఒక్కదాన్నే కట్టంగూర్ దాక పెద్దరోడ్డు మీద పోయిన. ఇటు లారీలు, అటు బస్సులు, నడుమ నా అగ్గిపెట్టె. బడి గేటుల దిగుతుంటె పిల్లలందరు బయటికొచ్చి చప్పట్లు కొట్టిండ్రు. ఇరవై ఏండ్ల కొలువుల నాకంత గౌరవం అయ్యాళ్ళే దొరికింది.

బాధ పెట్టలేదా అంటె పెట్టింది. ఒకసారి గొర్లమంద అడ్డమొస్తె తప్పియ్యబోయి రాయికి కొట్టిన, ఒక హెడ్‌లైటు పగిలింది. ముసలి సేటు చెప్పినట్టే నల్లగొండ, మిర్యాలగూడ అంత తిరిగినా దొరకలేదు. నెల దాక చీకటి పడకముందే ఇల్లు చేరుకున్న. ఒకనాడు మా ఆయన హైదరాబాద్ పాత సామాన్ల బజార్ల పొద్దంత తిరిగి, లైటును తువ్వాలల సుట్టుకొని, బస్సుల ఒడిల పెట్టుకొని తెచ్చిండు. పసిపిల్లను దించినట్టు టేబులు మీద దించిండు. కొనొద్దన్న మనిషి ఆయనే. నేను చాయ్ పెట్టిచ్చిన.

మెల్లగ మా దగ్గరికి పాత కార్లు కొనేటోళ్ళు వచ్చుడు మొదలైంది. తోటి టీచర్లు, వాళ్ళ చుట్టాలు, ఒకసారి మా బడి హెడ్‌మాస్టరు. "బంద్ అయిన బండి కొనొచ్చా మేడమ్?" అని అడుగుతరు. నేను మూడు మాటలు చెప్త. దాని ఇంజన్ వేరే బండ్లల్ల ఇంక నడుస్తాందా కనుక్కోండ్రి. సామాన్ల దుకాణంకు ముందు పోయి, బండి దగ్గరికి తర్వాత పోండ్రి. ఇంట్ల ఎవ్వరికి కూసునుడు కష్టమో వాళ్ళను తీస్కపోయి కూసోవెట్టి చూడుండ్రి. మూడో మాటకు మొదాలు నవ్వుతరు. హెడ్‌మాస్టరు కూడ నవ్విండు గని, వాళ్ళ నాయినను తీస్కపోయి నాలుగు కార్లల్ల కూసోవెట్టి చూసి ఐదోది కొన్నడు.

ఆ కారుతోని మేము పోయినన్ని జాగలల్ల నేను ఎన్నటికీ మర్వనిది ఒక్కటున్నది. ఒక దసరా సెలవులల్ల అమ్మ అన్నది, "నేను కృష్ణను చూడలేదు బిడ్డా." నేను నమ్మలేదు. ఆ నది ఉన్న జిల్లాల పుట్టి, అరవై దాటినా చూడలేదు. పొలం, బర్లు, పిల్లలు, ఆ తర్వాత మోకాళ్ళు. మర్నాడు పొద్దుగాలనే సాగర్ దిక్కు బయలెల్లినం. కొండల కాడ బండి ఎక్కలేక మూల్గింది, రెండో గేరుల పెట్టి బుజ్జగిస్తె ఎక్కింది. మలుపు తిరగంగనే కింద నీళ్ళు కనవడ్డయి. గేట్లు తెరిచిండ్రు ఆ ఏడు. తెల్లగ నురుగు, ఆ చప్పుడు అద్దాలల్లకెల్లి ఇనవడుతాంది.

అమ్మ తనే డోరు తీసుకున్నది. కట్టె ఊత పట్టుకొని దిగింది. మెడ తిరగది గనుక మనిషే మెల్లగ ఇటునుంచి అటు తిరుక్కుంట, నీళ్ళు ఎంత దాకున్నయో అంత దాక చూసింది.

"మన మర్రిగూడల ఇప్పుడు నల్లాలకొచ్చే నీళ్ళు గివేనా?"

"గివే అమ్మా."

"గింత దగ్గరున్నదా ఇది" అన్నది. కోపం కాదు, ఏడుపు కాదు. పోయిన లెక్క ఒకటి సరి చూసుకున్నట్టు అన్నది. గాలికి మొఖం మీద తుంపర్లు పడుతుంటె తుడుసుకోలేదు. పక్కన ఫోటోలు దిగే పట్నపోళ్ళను, "జర జరుగుండ్రి, నేను ఇయ్యాలనే చూస్తున్న" అని పక్కకు జరిపిచ్చింది.

గంటసేపు నిలవడ్డది. ఇంట్ల పది నిమిషాలు నిలవడితె నొప్పనే మనిషి. ఇగ చాలమ్మా అంటె, చాలు గని ఆకలైతాందన్నది. రోడ్డు పక్కన చేపలు వేంపుతున్న బండికాడ ఆపినం. కారు డోరు బార్ల తీసి, సీటు మీదనే కాళ్ళు బయటికి పెట్టి కూసోని, కాగితం పళ్ళెం ఒడిల పెట్టుకొని తిన్నది. ముండ్లు తీసి జాగ్రత్తగ పక్కకు పెట్టి, వేళ్ళు నాక్కొని, చేపలామెకు ఖాళీ పళ్ళెం చాపింది.

"ఇంకొకటి ఎయ్యి చెల్లే. కారం జర ఎక్కువెయ్యి."