బస్సు రాని బస్‌స్టాపు

మా ఊరి పెద్ద ఓక్‌బున్ అత్త. మైకు ముందు ఆమె గొంతు సవరించుకుంటే కొండ అవతల కుక్కలు కూడా మొరుగుతాయి. ఆ ఏడాది ఆమె పట్టుదలంతా ఒక్క టాక్సీ మీదే.

బస్సులు ఆగిపోయిన ఊళ్లకు చవకగా టాక్సీ నడపాలని, ప్రతి జిల్లా అందుకు నిబంధనలు రాసుకోవాలని సియోల్ నుంచి ఉత్తర్వు వచ్చింది. గడువు తరుముకొస్తుంటే మా జిల్లావాళ్లు పైనుంచి వచ్చిన నమూనాలో జిల్లా పేరు మాత్రం రాసి ఆమోదించేశారు. బస్‌స్టాపు దగ్గరున్న ఊరికి టాక్సీ ఇవ్వరని అందులో ఉంది. మా ఊరి మొగదల బస్‌స్టాపు ఉంది. బస్సే రాదు.

"బస్సు రాదని నీకూ తెలుసు కదా బాబూ?" అని అత్త జిల్లా ఆఫీసులో టాక్సీల పని చూసే ప్యో గారిని అడిగింది. నేను ఆమె వెనక నిలబడ్డాను.

"తెలుసు పెద్దమ్మా. కానీ దూరం స్టాపు నుంచి కొలవమన్నారు. ఆ స్టాపే లేకపోతే టాక్సీకి ఇవాళే రాసేస్తాను."

ఆ స్టాపంటే ఒక రేకుల షెడ్డు, ఊరివాళ్లు సొంతంగా కట్టుకున్నది. రేకులు వేసింది చుంజా అవ్వ భర్త. ఆయన ఇప్పుడు లేడు. రక్తం శుద్ధి చేయించుకోవడానికి తరచూ పట్నం వెళ్లాల్సింది కూడా ఆ అవ్వే. అయినా, ఊరి హాల్లో అందరం కలిసి భోంచేస్తుండగా అత్త షెడ్డు తీసేద్దామనగానే అవ్వ పులుసు గిన్నె పక్కకు తోసేసింది.

"మా ఆయన వేసిన రేకు మీద ఎవడు చెయ్యేస్తాడో చూస్తా!"

"మరి ఆసుపత్రికి ఎలా పోతావు వదినా?"

"ఎవరి ట్రక్కో ఎక్కుతా."

"పోయినసారి ఎక్కలేక మానేశావుగా. అన్న ఉంటే నిన్ను వీపున మోసుకుపోయేవాడు. ఆ షెడ్డు మోస్తుందా?"

అవ్వ పులుసు గిన్నెను మళ్లీ దగ్గరకు లాక్కుంది.

"మెల్లగా విప్పండి. ఒక్క రేకు వంగినా ఊరుకోను," అంది.

మర్నాడు అందరం కలిసి విప్పాం. రేకులు అవ్వ పెరట్లో కోళ్లగూటికి చేరాయి. ప్యో గారు వచ్చి ఖాళీ నేలను ఫొటో తీసుకున్నాడు. టాక్సీ మంజూరైంది. ఆ ఫొటోనే జిల్లా సభలో చూపించాడట, బస్సు నిజంగా ఆగే చోటి నుంచే కొలవాలని వసంతంలో నిబంధన మార్చారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ షెడ్లు విప్పకుండానే టాక్సీలు తెచ్చుకున్నారు.

"అయితే మనం ఊరికే పీకామా?" అని అవ్వ టాక్సీ ముందు సీట్లోంచి అత్తను నిలదీసింది.

"మనం పీకబట్టే వాళ్లకు సిగ్గేసింది. ఇక పద, ఆలస్యమవుతుంది."

"ఆసుపత్రికేనా అవ్వా?" అన్నాడు డ్రైవరు.

"ఆసుపత్రికే. వచ్చేటప్పుడు బజారు మీదుగా పోనీ. పోయి చాలా రోజులైంది."