మ్యాచింగు మావయ్య కారు

వీధిలో అందరికీ ఆయన మ్యాచింగు మావయ్య. చొక్కా గుండీ రంగు వెంట్రుకవాసి తేడా వచ్చినా ఈ దర్జీగారికి ముద్ద దిగదు. అలాంటివాడి చేతిలో ఓ పాతకాలం కారు పడింది. ఎలుకలు వైర్లు కొరికేస్తే, కొత్తవి తానే వేస్తానని నడుం కట్టాడు. లోపల చూస్తే ఒక్కో వైరు ఒక్కో రంగు! ఇంత అధ్వానమా అని ముక్కు మీద వేలేసుకుని, సీట్లు మెరూన్ కాబట్టి వైర్లన్నీ మెరూనే వేశాడు.

ఇక చూడాలి ఆ భాగోతం. బ్రేకు తొక్కితే హారను మోగింది. ఎడమ సిగ్నలు వేస్తే వైపర్లు ఊగాయి. మెకానిక్కు బానెట్ ఎత్తి, ఒక్క చూపు చూసి, దండం పెట్టి వెళ్లిపోయాడు.

భార్యకు ఓపిక నశించింది. "రేపు పొద్దున తుక్కు కొనేవాడు వస్తాడు. ఈలోగా బాగుపడిందా, ఉంచుకోండి. లేదా, సాగనంపండి."

ఆ కారంటే మావయ్యకు ప్రాణం. ఆమెకూ ఇష్టమే, పైకి చెప్పదంతే. అందుకే తానే కొంగు దోపింది. స్టీరింగు కింద వైర్లన్నీ విప్పించింది. తెల్లవార్లూ ఆయన ఒక్కో వైరుకు బ్యాటరీ కరెంటు తగిలిస్తుంటే, ఏది వెలిగిందో, ఏది మోగిందో చూసి, ఆ వైరుకు ఓ రంగు దారం కట్టింది.

"తెల్లది బ్రేకు, పచ్చది హారను, నీలం సిగ్నలు... గుర్తుంటాయిగా?"

"దారాలున్నాయి కదే, గుర్తెందుకు?"

"అయితే చూసి బిగించండి. నేను అన్నం వండి వస్తా."

మావయ్య వైర్ల వంక చూశాడు. మెరూన్ మీద తెల్లవి, పచ్చవి, నీలివి, దారాల కొసలు వేలాడుతున్నాయి. కళ్లల్లో కారం కొట్టినట్టయింది. ఇన్నేళ్లలో పోగు వేలాడే చొక్కా ఒక్కటి కూడా ఆయన కొట్టు గడప దాటలేదు. కత్తెర జేబులోనే ఉంది.

ఆమె తిరిగొచ్చేసరికి నేలంతా రంగురంగుల దారం ముక్కలు.

"ఇప్పుడు చూడవే, ఎంత నీటుగా ఉందో! ఇక బిగించడమే" అంటూ ఒక వైరు పట్టుకున్నాడు. పక్కదాన్ని పట్టుకున్నాడు. మళ్లీ మొదటిదాన్ని చూశాడు. ముఖం పాలిపోయింది.

ఆమెకు ఏడుపొచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నీటుగానే ఉందండీ. తుక్కువాడు వచ్చేలోగా కాస్త ఇస్త్రీ కూడా చేసి పెట్టండి."