హిల్యా షెడ్డులో శనివారం

మా రోడ్డుకి అవతలి పక్క వాలు మీద మూడు ఇళ్ళు వరసగా ఉంటాయి. పై ఇల్లు వెయికోది, కింది ఇల్లు తైస్తోది, నడిమిది వాళ్ళక్క హిల్యాది. నా వంటింటి కిటికీలోంచి మూడూ కనిపిస్తాయి. కనిపించకుండా ఉంటే నా ప్రాణానికి కాస్త హాయిగా ఉండేది.

వాళ్ళ నాన్న ఎద్వర్ద్ కాంగస్ పోయేముందు ఆస్తి పంచిన తీరు చెబితే నవ్వొస్తుంది. ఆ ఇంట్లో చెప్పుకోదగ్గ వస్తువు ఒక్కటే, తాను పనిచేసే రాగి గని మూతపడ్డాక ఆయన కొనుక్కున్న చిన్న ట్రాక్టరు. వేసవిలో దాని కడుపు కింద గడ్డి కోసే డెక్కు, చలికాలంలో దాని ముక్కుకి మంచు తవ్వి దూరంగా విసిరే బ్లోయరు. ట్రాక్టరు పెద్దవాడు వెయికోకి, బ్లోయరు చిన్నవాడు తైస్తోకి, రెండింటినీ పెట్టే షెడ్డు హిల్యాకి అని నోటిమాటగా చెప్పి కళ్ళు మూశాడు. ఒకటి లేకుండా ఇంకొకటి పనికిరాదు కాబట్టి పిల్లలు ముగ్గురూ కలిసుంటారని ఆయన ఆలోచన. తానేదో మహా తెలివైన పని చేశాననుకునే పోయాడు. అనుభవించింది మాత్రం హిల్యా.

హిల్యాకి అనుభవించడం కొత్తేమీ కాదు. తల్లి పోయేనాటికి తైస్తోకి ఇంకా పాలపళ్ళు ఊడలేదు. తమ్ముళ్ళిద్దరికీ బూట్లు తొడిగి, తడిసిన చేతితొడుగులు పొయ్యి మీద ఆరేసి, బడికి తోలింది ఆమే. పెద్దయ్యాక ఆ బడి వంటగదిలోనే నాతో పాటు ఉద్యోగం చేసింది. ఇద్దరం ఒకే కుండలో గరిటెలు తిప్పుతూ ముసలివాళ్ళమయ్యాం. పెళ్ళి మాట ఎత్తితే, "ఇద్దరు మగపిల్లలున్నారు కదే సైమీ, ఇంక మొగుడెందుకు?" అని నవ్వేసేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. మగపిల్లలిద్దరికీ పెళ్ళిళ్ళయి, చెరో ఇల్లూ కట్టుకున్నారు. ఈమె మాత్రం నడిమింట్లో అలాగే ఉండిపోయింది.

మా దగ్గర అక్టోబరు చివరి శనివారం ట్రాక్టర్ల రోజు. జింకల వేట మొదలైతే మగాడన్నవాడు ఇంట్లో దొరకడు, మా ఊరి పక్క పెద్ద సరస్సు మీది గాలి తిరిగిందంటే మంచు ఆగదు, కాబట్టి ఆలోపే ఆ పని అయిపోవాలి. పొద్దున్నే వెయికో ట్రాక్టరు తోలుకొచ్చేవాడు. కింది డెక్కు ఊడదీసి, దానికి పట్టిన ఎండుగడ్డి గీకి, గోడకి ఆనించేవాళ్ళు. ఇంజనులో చలికి గడ్డకట్టని పల్చని నూనె మార్చేవాళ్ళు. వెనక చక్రాలకి గొలుసులు తొడిగి, వెనకాల బరువుకి ఇనుప దిమ్మలు బిగించి, చివరికి బ్లోయరుని ముక్కుకి తగిలించి బెల్టు వేసేవాళ్ళు. మంచు విసిరే గొట్టం మాత్రం హిల్యా వంతు. చర్చిలో మిగిలిపోయిన కొవ్వొత్తి ముక్కలు ఏడాదంతా డబ్బాలో దాచి, గొట్టం లోపలంతా ఆ మైనం రుద్దేది. అలా రుద్దకపోతే తడిమంచు గొట్టంలో బిగుసుకుని కూర్చుంటుంది.

మొదట్లో ఆ శనివారాలు ఎంత సందడిగా ఉండేవో. హిల్యా ఏలకుల రొట్టె చేసేది, నేను కాఫీ పట్టుకెళ్ళేదాన్ని.

"అన్నయ్య గొలుసు తగిలిస్తుంటే వాడి పెళ్ళినాడు టై కట్టుకున్నట్టే ఉందక్కా. మధ్యాహ్నం దాటినా ముడి పడదు," అనేవాడు తైస్తో.

"నీ పెళ్ళికి అసలు ప్యాంటు గుండీలే నేను పెట్టానురా, మర్చిపోయావా?" అనేవాడు వెయికో.

సిద్ధమైన యంత్రం చలికాలమంతా హిల్యా షెడ్డులోనే ఉండేది. ఎవడు ముందు లేస్తే వాడు తీసుకెళ్ళేవాడు. షెడ్డులోంచి బయటపడాలంటే ముందు హిల్యా వాకిలి దారిలో మంచు తీయక తప్పదు. ఆ తర్వాతే ఎవడి ఇల్లయినా. అందుకే మా రోడ్డు మీద అన్నిటికంటే ముందు శుభ్రమయ్యేది ఆమె వాకిలే.

ఇదంతా చెడింది ఒక బోల్టు దగ్గర. బ్లోయరులో మంచు తవ్వే మరకి పెట్టే బోల్టు కావాలనే మెత్తటి ఇనుముతో చేస్తారు. రాయో కట్టెముక్కో అడ్డం తగిలితే అది పుటుక్కున విరిగిపోతుంది, లోపలి గేరుపెట్టె బతికిపోతుంది. ఒక జనవరిలో పొద్దున్నుంచీ అవి ఒకదాని తర్వాత ఒకటి విరుగుతుంటే, వేళ్ళు కొంకర్లు పోయి విసుగెత్తిన వెయికో గట్టి బోల్టు ఒకటి బిగించేశాడు. మా ఊళ్ళో ఈ తప్పు చేయని మగాడు లేడు, పోయిన మా ఆయన కూడా చేశాడు. కాకపోతే వెయికోకి తగిలింది తైస్తో కట్టెల మోపులోంచి జారి మంచులో పూడిపోయిన మొద్దు. బోల్టు విరగలేదు, గేరుపెట్టె రెండు ముక్కలైంది.

"నా బ్లోయరు నాశనం చేశావు కదరా! గట్టి బోల్టు ఎవడు పెట్టమన్నాడు?"

"దారిలో మొద్దులు ఎవడు పడేయమన్నాడు? వెధవ పని నువ్వు చేసి నన్నంటావేంట్రా?"

చాలా ఏళ్ళ దాకా వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు నేరుగా ఆడిన ఆఖరి మాటలు ఇవే. అలాంటి గేరుపెట్టె ఇంకో ఊళ్ళో ఎవరి దగ్గరో ఉందని తెలిసి, హిల్యా ఆ మంచులోనే కారేసుకుని వెళ్ళి తెచ్చింది. యంత్రం బాగుపడింది.

తర్వాత కూడా శనివారాలు ఆగలేదు. ట్రాక్టరు ఒకడిది, బ్లోయరు ఒకడిది, రాక చస్తారా? వచ్చేవాళ్ళు. కానీ మాటలన్నీ హిల్యా మీదుగానే నడిచేవి.

"అక్కా, ఎడమపక్క కాస్త ఎత్తమని చెప్పు."

"తైస్తో, ఎడమపక్క ఎత్తరా."

"ఎత్తే ఉందని చెప్పక్కా. కళ్ళజోడు మార్చుకోమని కూడా చెప్పు."

"ఎత్తే ఉందిట, వెయికో."

కళ్ళజోడు సంగతి ఆమె చెప్పేది కాదు. తిట్లన్నీ మింగేసి మిగతావి అందించేది. ఇద్దరికీ చేతికందేంత దూరంలో ఇద్దరూ ఉండి, మధ్యలో ఈ ముసలిది అటూ ఇటూ మెడ తిప్పుతుంటే నాకు ఏడుపొచ్చేది. ఒకసారి ఉండబట్టలేక అనేశాను.

"గాడిదల్లా పెరిగారు. ఇద్దరినీ బయటికి గెంటి తలుపేసుకోరాదుటే?"

"గెంటితే మళ్ళీ ఎక్కడ కలుస్తారే? క్రిస్మస్‌కి ఒకడొచ్చి వెళ్ళాక గానీ రెండోవాడు రాడు. ఈ ఒక్కరోజే ఇద్దరూ ఒక కప్పు కింద ఉండేది. ఇది కూడా లేకపోతే ఇంక నా శవం దగ్గరే కలవాలి," అంది హిల్యా. తర్వాత కొవ్వొత్తి ముక్క తీసుకుని మళ్ళీ గొట్టం రుద్దుతూ కూర్చుంది.

కిందటి అక్టోబరు చివరి శనివారం కూడా నేను కాఫీ పట్టుకుని వెళ్ళాను. హిల్యా అప్పటికే గొట్టానికి మైనం పూసి, బోల్టుల డబ్బా, నూనె, గొలుసులు వరసగా పేర్చి పెట్టుకుంది. ఎంతసేపటికీ ట్రాక్టరు చప్పుడు వినపడలేదు. చివరికి వెయికో నడుచుకుంటూ వచ్చాడు, చేతులు జేబుల్లో పెట్టుకుని.

"ట్రాక్టరేదిరా?"

"షాపులో ఇచ్చేశానక్కా. దాని బదులు కొత్తది తీసుకున్నాను. ముందు బ్లోయరుతో సహా వచ్చింది. ఇంక ఎవడి ముందూ చెయ్యి చాపక్కర్లేదు."

హిల్యా బోల్టుల డబ్బాకి మూత పెట్టింది. "తమ్ముడి బ్లోయరు ఉత్తదైపోదుట్రా?" అంది.

"వాడికేం? పోయిన వారమే కొత్త ట్రాక్టరు దింపుకున్నాడు, బ్లోయరుతో సహా. గారేజీలో టార్పాలిన్ కప్పి దాచాడు. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ఇద్దరూ ఎవడికి వాడు చాటుగా కొనుక్కున్నారు. కొనే ముందు అక్కతో ఒక్క మాట చెబుదామని ఇద్దరిలో ఏ ఒక్కడికీ తోచలేదు. తోచినా చెప్పి ఉండరు, ఏడుస్తుందని.

కాసేపటికి తైస్తో కూడా వచ్చాడు, అన్న వెళ్ళిపోయాడని చూసుకుని మరీ.

"ఆ పాత బ్లోయరు షెడ్డులోనే పడి ఉండనీ అక్కా. పాత ఇనుముకి ఇచ్చేద్దాం."

"నా వాకిలి ఎవరు తీస్తార్రా?"

"భలేదానివే! నేను లేనూ?"

వెయికో కూడా వెళ్తూ వెళ్తూ అదే మాట అన్నాడు. హిల్యా ఇద్దరికీ సరేనంది. ఆ రోజు రొట్టె మేమిద్దరమే తిన్నాం.

మొదటి పెద్ద మంచు జింకల వేట అయిన వెంటనే వచ్చింది. పొద్దున్నే లేచి చూస్తే రోడ్డు లేదు, పోస్టు డబ్బాలు లేవు. పై ఇంట్లో ఒక ఇంజను, కింది ఇంట్లో ఒక ఇంజను, రెండూ పోటీపడి మోగుతున్నాయి. పక్కింటివాళ్ళ వాకిట్లోకి మంచు విసరకూడదని మా ఊళ్ళో ఎవరికీ నేర్పక్కర్లేదు. కానీ వెయికో తన గొట్టాన్ని కింది ఇంటివైపు తిప్పాడు. తైస్తో తనదాన్ని పై ఇంటివైపు తిప్పాడు. ఒకడి మంచు ఇంకొకడి వాకిట్లో పడాలని ఇద్దరి కసి. కొత్త యంత్రాలు ఎంత బలమైనవైనా అంతదూరం విసరలేవు. రెండు పక్కల మంచూ వచ్చి నడుమనున్న హిల్యా ఇంటి ముందు పడుతోంది. ఆమె వాకిలి తమ్ముడు తీస్తాడులే అని అన్న, అన్న తీస్తాడులే అని తమ్ముడు. నేను చూస్తుండగానే ఆమె మెట్లు పోయాయి, తలుపు సగానికి పూడింది.

నాకు ఒళ్ళు తెలియలేదు. పార పట్టుకుని రోడ్డు దాటాను. మోకాళ్ళు దాటి దిగబడుతున్నా, నోటికొచ్చినట్టు తిడుతూనే ఉన్నాను.

"ఒరేయ్! ఆపండ్రా మీ యంత్రాలు తగలెయ్య! మీ అక్కని బతికుండగానే పూడ్చేస్తున్నార్రా!"

రెండు ఇంజన్లూ ఆగాయి. ఇద్దరూ మంచు కట్ట మీదకి ఎక్కి అప్పుడు చూశారు, ఏం చేశారో. సిగ్గుపడతారనుకున్నాను. నా పిచ్చి గానీ!

"ఒరేయ్ దున్నపోతా! అక్క తలుపు మీద పోస్తావా మంచు?" అని అరిచాడు తైస్తో, తిన్నగా అన్న మొహం చూసి.

"నేనా పోసింది? నీ గొట్టం ఎటు తిరిగుందో చూసుకోరా దొంగ వెధవా!"

"అక్క వాకిలి తీస్తానని మాటిచ్చింది నువ్వే కదరా, అక్కనే అడుగు!"

"నువ్వివ్వలేదట్రా మాట?"

నడుమ పూడిపోయిన ఇంటి మీదుగా ఒకడు అటునుంచీ ఇంకొకడు ఇటునుంచీ అరుచుకుంటున్నారు. ఒక్కడి చేతిలోనూ పార లేదు. నేను పార ఎత్తి, ఇద్దరినీ కలిపి కడిగేద్దామని నోరు తెరిచాను. పైగదిలో కిటికీ తలుపు తెరుచుకుంది. హిల్యా శాలువా కప్పుకుని తల బయటికి పెట్టింది.

"సైమీ, ఊరుకోవే. వాళ్ళని ఆపకు," అంది.

"ఆపకపోతే నువ్వు బయటికొచ్చేది ఎలాగే?"

"మాట్లాడుకుంటున్నారే," అంది.

నేను ఎత్తిన పార దించేశాను. కాసేపు ఆమె అలాగే కిటికీలో నిలబడి ఇటూ అటూ మెడ తిప్పుతూ విన్నది. తిట్లు అయిపోయాక ఇద్దరూ వెనక్కి తిరిగి ఎవడి ఇంజను వాడు మోగించుకున్నారు. గొట్టాలు మాత్రం రోడ్డు వైపుకి తిప్పారు, అంతవరకే. అక్క వాకిట్లోకి ఒక్కడూ రాలేదు. ముందు వచ్చినవాడు ఓడిపోయినట్టు కదా.

నేనే తవ్వుకుంటూ తలుపు దాకా వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. హిల్యా తలుపు తీసి నా కోటు దులిపింది, కాఫీ పోసింది. నేను వెళ్ళడానికి లేస్తుంటే చెయ్యి పట్టుకుంది.

"పైనుంచి నాకు సరిగ్గా వినపడలేదే. తైస్తో వాడిని అన్నయ్యా అని పిలిచాడా?"

"పిలిచాడు," అన్నాను.